మల పరీక్షా, కొలనోస్కోపీయా? పాజిటివ్ వస్తే ఏం చేస్తారో ముందే అనుకోండి

మీ అమ్మగారికి 76 ఏళ్లని, షుగర్ ఉందని, గుండెకు స్టెంట్ వేశాక రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారని రాశారు. పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు పరీక్షకు మలం ఇస్తే చాలా, నేరుగా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించాలా అన్నది మీ ప్రశ్న. రెండేళ్ల కిందట మా నాన్నగారి విషయంలో మేం కూడా ఇలాగే తలలు పట్టుకున్నాం. అప్పుడాయనకు 75, ఆరోగ్యం దాదాపు మీ అమ్మగారిలాంటిదే. నేను డాక్టర్ని కాను, పక్కనే ఉండి చూసినది చెబుతాను.

ముందుగా అమ్మగారిని మొహమాటపడకుండా అడగండి. మలంలో రక్తం పడుతోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, విరేచనం అలవాటు ఈమధ్య మారిందా, రక్తం తక్కువగా ఉందని ఎవరైనా అన్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మలం డబ్బాతో కాలయాపన చేయకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మా పెద్దమ్మ మొలలే అనుకుని ఏడాది ఊరుకుంది. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తోబుట్టువులకో, తల్లిదండ్రులకో ఈ జబ్బు వచ్చి ఉన్నా, లోగడ పాలిప్‌లు (పేగు లోపలి గోడకు పెరిగే చిన్న కండలు, కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారవచ్చు) తీసి ఉన్నా కూడా మామూలుగా కొలనోస్కోపీనే చెబుతారు.

ఇవేవీ లేకపోతే ఫిట్ అనే మల పరీక్షతో మొదలుపెట్టవచ్చు. కంటికి కనిపించనంత కొద్ది రక్తాన్ని కూడా అది పట్టుకుంటుంది. పాత రకం పరీక్షకు మాంసం, విటమిన్ సి మానాల్సి వచ్చేది, దీనికి ఆ పథ్యం లేదు. ఇంట్లోనే నమూనా తీసి ఇవ్వొచ్చు. అయితే ఏటా చేయించాలి. ఒక్కసారి చేస్తే క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడింటినే పట్టుకుంటుంది, రక్తం కారని పాలిప్‌లు చాలావరకు తప్పించుకుంటాయి. నెగటివ్ వచ్చిందని మూడు నాలుగేళ్లు మరిచిపోతే చేయించిన ప్రయోజనం పోయినట్టే.

నాన్నగారు ఈ పరీక్షకు వెంటనే సరేనన్నారు. అప్పుడు డాక్టర్‌గారు ఆయన్నే అడిగారు: "పాజిటివ్ వస్తే కొలనోస్కోపీకి ఒప్పుకుంటారా?" నాన్నగారు తల అడ్డంగా ఊపారు. "అయితే ఈ పరీక్ష ఎందుకండీ, ఫలితం చూసి దిగులు పడడానికా?" అన్నారు డాక్టర్‌గారు. ఆ మాట నాకు బాగా నాటుకుపోయింది. వారం పాటు ఇంట్లో మాట్లాడుకున్నాక నాన్నగారే ఒప్పుకున్నారు, ఆ తర్వాతే నమూనా ఇచ్చాం.

పాజిటివ్ వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. మొలలవల్ల వచ్చిందేమో, ఇంకోసారి మల పరీక్ష చేయిద్దాం అన్నాడు తమ్ముడు. డాక్టర్‌గారు కుదరదన్నారు. రక్తం ఒకరోజు కారి, ఇంకోరోజు కారకపోవచ్చు, కాబట్టి రెండోది నెగటివ్ వచ్చినా మొదటిదాన్ని కొట్టేయలేం.

పెద్దవాళ్లకు అసలు కష్టం కొలనోస్కోపీలో కంటే పేగు శుభ్రం చేసుకునే ముందురోజు రాత్రే ఉంటుంది. దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. మాకిచ్చిన కాగితంలో షుగర్ మందుల ఊసే లేదు. పగలంతా ద్రవాలే తాగి, మాత్ర మాత్రం రోజూలాగే వేసుకున్నారు నాన్నగారు. రాత్రి రెండింటికి బాత్రూమ్ గుమ్మం దగ్గర కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. చూస్తే షుగర్ బాగా పడిపోయింది. నేను ఆ పక్క గదిలోనే పడుకోబట్టి సరిపోయింది. ఇన్సులిన్, మాత్రల మోతాదు ఆరోజు ఎంత తగ్గించాలో ముందే రాయించుకోండి. కిడ్నీలు బలహీనంగా ఉంటే విరేచనాల మందు ఏది ఇస్తున్నారో అడగండి, సోడియం ఫాస్ఫేట్ రకం వాళ్లకు మంచిది కాదు. మందు సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది, ఒక్కసారిగా తాగే బాధా తప్పుతుంది. రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఆపాలా, ఎన్ని రోజులు అన్నది గుండె డాక్టర్ చెప్పాలి.

నాన్నగారికి రెండు పాలిప్‌లు కనిపిస్తే అక్కడే తీసేశారు. క్యాన్సర్ కాలేదు. కొలనోస్కోపీ గొప్పతనం ఇదే, చూడడమూ తీయడమూ ఒకే విడతలో అయిపోతాయి. ప్రమాదం లేకపోలేదు. పేగుకు రంధ్రం పడడం పదివేల మందిలో సుమారు ముగ్గురికి, ఎక్కువ రక్తస్రావం సుమారు 15 మందికి జరుగుతుందని లెక్క, వయసు పెరిగేకొద్దీ ఇవి పెరుగుతాయి.

సీటీ స్కాన్‌తో పేగును చూసే పరీక్షకు కూడా మామూలుగా పేగు శుభ్రం చేసుకోవాలి, పైగా పాలిప్ కనిపిస్తే మళ్లీ కొలనోస్కోపీ తప్పదు. కొత్తగా వచ్చిన రక్త పరీక్షలు పాలిప్‌లను పట్టడంలో చాలా బలహీనం.

వయసు సంగతికొస్తే, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ (ముందస్తు పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందం) 2021లో 45 నుంచి 75 ఏళ్ల వరకు అందరికీ పరీక్షలు చేయాలని, 76 నుంచి 85 మధ్య మనిషి ఆరోగ్యం, పాత పరీక్షలు, వాళ్ల ఇష్టం చూసి నిర్ణయించాలని చెప్పింది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి చాలావరకు పదేళ్లు పడుతుంది, అందుకే పరీక్ష ఫలం అందడానికీ ఏళ్లు పడుతుంది. 83 ఏళ్ల మా మేనత్తకు గుండె బాగా బలహీనం. ఆమెకు ఏ పరీక్షా వద్దనుకున్నాం, అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

మీ అమ్మగారికి గత పదేళ్లలో శుభ్రంగా వచ్చిన కొలనోస్కోపీ ఉంటే ఇప్పుడు తొందర లేదు. ఇంతవరకు ఏ పరీక్షా చేయించక, తన పనులు తాను చేసుకుంటూ తిరుగుతుంటే ఫిట్‌తో మొదలుపెట్టండి అంటాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడ వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీకి సిద్ధమేనా అన్న ప్రశ్న మాత్రం డాక్టర్‌గారిని ఆవిడనే అడగనివ్వండి, జవాబు మీరు చెప్పకండి.