పగలు పొట్టిగా ఉండే చలికాలపు రోజుల్ని హాయిగా గడపడం ఎలా?

సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతోంది, రోజు సగంలోనే చేజారినట్టుంది, ఈ రోజుల్లో హాయిగా విశ్రాంతి తీసుకోవడం ఎలా అని అడిగారు. నా అనుభవంలో తేలింది చెప్తాను. పొద్దున వెలుతురు ఒంటికి బాగా తగిలితే సాయంత్రం చీకటి బరువనిపించదు.

నిద్ర లేచిన గంటలోపే బయటికి వెళ్తాను. కాసేపు నడుస్తాను, లేదంటే ఊరికే మెట్ల మీద కూర్చుంటాను. మబ్బు పట్టినా మానను. పగటిపూట మబ్బుగా ఉన్నా ఆరుబయట మామూలుగా వెయ్యి లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురుకి కొలత) పైనే వెలుతురు ఉంటుంది. గదిలో లైట్లన్నీ వేసినా సాధారణంగా కొన్ని వందలే. ఆ తేడా కంటికి అంతగా ఆనదు గానీ, ఒంట్లోని గడియారం దాన్ని పట్టుకుంటుంది. రాత్రి నిద్ర కూడా వేళకి వస్తుంది.

ఈ కాలం అందమంతా నాకు మధ్యాహ్నంలోనే కనిపిస్తుంది. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి, డిసెంబరు 21, 22 ప్రాంతంలో ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి కిందుగా వెళ్తాడు. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ మధ్యాహ్నం 73 డిగ్రీల ఎత్తున ఉండేవాడు, డిసెంబరులో 27 డిగ్రీల దాకా కూడా ఎక్కడు. అందుకే ఎండాకాలంలో కిటికీ గట్టు దగ్గరే ఆగిపోయే ఎండ, ఇప్పుడు దక్షిణపు కిటికీలోంచి వచ్చి ఎదుటి గోడకున్న పుస్తకాల అర దాకా పాకుతుంది. అట్టల మీద పట్టిన సన్నటి దుమ్ము కూడా అప్పుడే బయటపడుతుంది. కుర్చీని ఆ ఎండలోకి లాక్కుని, ఎండ జరిగినకొద్దీ నేనూ జరుగుతూ చదువుకుంటాను. సెలవు రోజైతే ఆ వేళకి ఇంకే పనీ పెట్టుకోను. ఫోన్ పక్క గదిలో ఉంటుంది.

చీకటి పడ్డాక పెద్ద లైట్లు ఆపేసి ఒక్క టేబుల్ లైట్ ఉంచుతాను. మిగిలిపోయిన పనులన్నీ ఆ రాత్రే తెమిల్చేయాలన్న టెన్షన్ వదిలేయండి. నిద్ర త్వరగా వస్తే త్వరగానే పడుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి. మధ్య అక్షాంశాల్లో అన్నిటికన్నా ముందుగా పొద్దుగూకేది అతి పొట్టి రోజున అనుకుంటాం గానీ, అది డిసెంబరు మొదటి సగంలోనే అయిపోతుంది. పొట్టి రోజు వచ్చేసరికే సాయంత్రాలు కొద్దికొద్దిగా సాగుతుంటాయి. ఇది తెలిశాక డిసెంబరు చివరి వారాలంటే నాకు మరీ ఇష్టం.

అయితే ఏటా ఈ కాలంలోనే వారాల తరబడి దిగులు, ఎంత పడుకున్నా తీరని నిద్ర, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం ఉంటే డాక్టర్‌ని కలవండి. దాన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు, 1984 నుంచి వైద్యుల దృష్టిలో ఉన్నదే. ప్రకాశవంతమైన లైటు ముందు కాసేపు కూర్చోబెట్టే లైట్ థెరపీతో పాటు వేరే చికిత్సలూ ఉన్నాయి. కంటి జబ్బు ఏదైనా ఉంటే మాత్రం, డాక్టర్‌ని అడగకుండా ఆ థెరపీకి వాడే లైట్ బాక్స్ కొనకండి.