అమ్మ ‘నొప్పి లేదు’ అంది, నిజమే చెప్పింది

మీ అత్తయ్యగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది, వారం నుంచి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రెక్కల మధ్య లాగేస్తోందంటున్నారు, మీవారేమో గ్యాసంటున్నారు. ఆడవాళ్ళకి గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి ఉండదంటారు, నిజమేనా అని అడిగారు. ముందు ఆవిడని ఈసీజీకి తీసుకెళ్ళే ఏర్పాటు చూడండి. రేపు కాదు, ఇవాళే. నేను రాసింది ఆసుపత్రిలో కూర్చుని చదువుకోవచ్చు.

నేను డాక్టర్ని కాదు. మా ఇంట్లో ఇద్దరికీ గుండెపోటు వచ్చింది. నాన్నకి 2012లో, అమ్మకి 2022లో. ఆ రెండూ ఒకే జబ్బంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నాన్నది ఎవరు చూసినా గుర్తుపట్టేదే. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాడు ఛాతీ పట్టుకుని, ‘గుండె మీద రోలు పెట్టినట్టుందిరా’ అన్నాడట. ఎడమ చెయ్యి లాగేసింది, చొక్కా తడిసి ముద్దయింది. అక్కడున్నవాళ్ళు ఇంకేమీ అడగకుండా కారెక్కించి గుంటూరు తీసుకెళ్ళిపోయారు. గంటన్నర తిరక్కుండా క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే స్టెంట్లు వేసే గదిలో ఉన్నాడు. స్టెంట్ వేశారు, పది రోజుల్లో మళ్ళీ అదే బల్ల మీద కూర్చున్నాడు.

దాంతో గుండెపోటంటే ఎలా ఉంటుందో మాకందరికీ తెలిసిపోయిందనుకున్నాం. మా కొంప ముంచింది ఆ తెలివే.

అమ్మకి వచ్చింది మార్చిలో, మిరప కళ్ళంలో. తాలుకాయలు ఏరుతూ పొద్దస్తమానం కూర్చునేది. ఆ ఘాటుకి ఎవరికైనా గొంతు మండుతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది, ఎండకి చెమటలు ఎలాగూ తప్పవు. కాబట్టి అమ్మకి వచ్చిన ప్రతిదానికీ ఒక కారణం తయారుగా ఉంది. మంట ఘాటు వల్ల, చెమట ఎండ వల్ల. కింది దవడ లాగుతోందంటే పుచ్చిపన్ను ఎప్పటినుంచో ఉన్నదే. పైగా అప్పటికి రెండు వారాలుగా నీరసమంటోంది. బిందెడు నీళ్ళు తెచ్చి, దించి, అరుగు మీద కూలబడేదట. నాకు ఫోన్‌లో చెప్పింది కూడా: ‘ఏంటోనే, ఒంట్లో సత్తువ లేనట్టుంది, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా.’ నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. ‘ఓఆర్ఎస్ కలుపుకుని తాగమ్మా’ అని పెట్టేశాను.

ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి వాంతి అయింది. ఇంగువ నీళ్ళు తాగింది, తర్వాత గోలీసోడా. మా ఊరి ఆర్ఎంపీ వచ్చి గ్యాసుకి ఇంజక్షన్ చేశాడు. తెల్లవారాక కూడా గాబరా తగ్గకపోతే నాన్న దగ్గర్లోని ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరు ‘ఛాతీలో నొప్పి ఉందామ్మా?’ అని అడిగారు. ‘లేదండీ’ అంది అమ్మ. ఒక ఈసీజీ తీసి, బాగానే ఉందని, గ్యాసుకి ప్యాంటాప్రజోల్ మాత్ర రాసి పంపించేశారు. మధ్యాహ్నం దొడ్లో కళ్ళు తిరిగి పడితే అప్పుడు గుంటూరు.

అక్కడ ఒక నర్సమ్మ అడిగిన తీరు వేరు. ‘నొప్పి సంగతి వదిలెయ్ పెద్దమ్మా. ఛాతీలో బరువుగా గానీ, బిగుతుగా గానీ, మంటగా గానీ ఏమన్నా ఉందా?’

‘రాత్రి నుంచీ పట్టేసినట్టు ఉందమ్మా. ఘాటనుకున్నా.’

మళ్ళీ ఈసీజీ తీస్తే ఈసారి తేడా కనిపించింది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ బాగా పెరిగి ఉంది. కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. రాత్రి ఎనిమిది నుంచి లెక్కేస్తే అప్పటికి పదహారు గంటలు దాటాయి. స్టెంట్ వేశారు గానీ, గుండె కండరం కొంత పోయింది. గుండె ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత బయటికి తోస్తుందో చెప్పే పంపింగ్ అంకె నాన్నకి 55 శాతం, అమ్మకి 40. పదేళ్లు నాన్న మాత్రలు వేళకి అందించింది ఈవిడే.

ఇక మీ ప్రశ్న. ‘ఆడవాళ్ళకి ఛాతీ నొప్పి రాదు’ అనేది సగం నిజం. ఆ సగమే ప్రమాదం. చాలామంది ఆడవాళ్ళకి ఛాతీలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది, కాకపోతే దాన్ని నొప్పి అనరు. మన భాషలో ‘నొప్పులు’ అంటేనే పురిటి నొప్పులు. ముగ్గుర్ని కన్న మా అమ్మకి ఆ కొలతతో చూస్తే ఛాతీలో బిగుతు నొప్పి లెక్కలోకే రాదు. డాక్టరు అడిగినదానికి ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కనిపించినదల్లా చదివాను. అమెరికా, స్పెయిన్ వంటి దేశాల్లో 55 ఏళ్ల లోపు గుండెపోటు రోగులు దాదాపు మూడు వేలమందిని అడిగి 2018లో ప్రచురించిన విర్గో అధ్యయనంలో, ఛాతీలో నొప్పో, బరువో, బిగుతో ఉందన్నవాళ్ళు ఆడవాళ్ళలో 87 శాతం, మగవాళ్ళలో దాదాపు 90. అంటే పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, దాంతోపాటు దవడ, మెడ, వీపు లాగడం, వాంతి, ఆయాసం, దడ లాంటివి మూడో అంతకన్నా ఎక్కువో ఉన్నది ఆడవాళ్ళలో 62 శాతం, మగవాళ్ళలో 55. అన్నీ కలిసి వచ్చేసరికి అసలుది మరుగునపడిపోతుంది. నాకు కడుపు మండింది మాత్రం మరో అంకె చూసి. ఆసుపత్రిలో చేరకముందే ఆ లక్షణాలతో డాక్టరుకి చూపించుకున్నవాళ్ళలో, ‘ఇది గుండెకి సంబంధించింది అనుకోలేదు’ అన్న మాట విన్నది ఆడవాళ్ళలో 53 శాతం, మగవాళ్ళలో 37. మా ఊరి ఆర్ఎంపీనొక్కణ్ణే తిట్టుకుని లాభం లేదన్నమాట.

అమ్మ రెండు వారాల నీరసం కూడా వింతేమీ కాదట. గుండెపోటు వచ్చి బతికిన 515 మంది స్త్రీలతో అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. వాళ్ళలో 95 శాతం మందికి ముందే ఏవో సూచనలున్నాయి. పదిమందిలో ఏడుగురికి ఎన్నడూ లేని అలసట, దాదాపు సగం మందికి నిద్ర చెడిపోవడం. నీరసం పడ్డవాళ్ళందరికీ గుండెజబ్బని కాదు, రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా నీరసమే. నిన్నటిదాకా ఆయాసపడకుండా చేసిన పని ఇవాళ చేయలేకపోతుంటే మాత్రం అనుమానించాలి. మీ అత్తయ్యగారి మెట్ల సంగతి నాకు అచ్చం అలాగే అనిపిస్తోంది.

పైగా షుగరు. ఏళ్ల తరబడి ఉంటే నరాలు మొద్దుబారి, గుండెకి రక్తం అందకపోయినా నొప్పి తెలియకపోవచ్చు, ఆడైనా మగైనా. ఆవిడ విషయంలో ‘నొప్పి లేదుగా’ అన్నమాట ఎవరన్నా వినకండి. నెలసరి ఆగాక ఆడవాళ్ళకి ముప్పు పెరుగుతుంది. అందుకే మగవాళ్ళకన్నా సగటున ఎనిమిది, తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుంది గానీ, రాకపోవడమంటూ లేదు.

ఆసుపత్రిలో ‘గ్యాస్’ అనే మాట మీరు ముందుగా అనకండి. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళ ఆలోచన కూడా పొట్ట వైపు పోతుంది. ఎప్పుడు మొదలైంది, నడిస్తే పెరుగుతోందా, కూర్చుంటే తగ్గుతోందా, అది చెప్పండి. పక్కన నిలబడి మీరే తెలుగులో అడగండి: బరువా, మంటా, పట్టేసినట్టుందా, గాబరానా? కొడుకు ముందు చెప్పనివి కోడలికి చెబుతారు కొందరు.

మొదటి ఈసీజీ బాగుందంటే సరేనని వచ్చేయకండి, మేం చేసింది అదే. ఇబ్బంది ఉంటే కాసేపటికి మళ్ళీ తీయమనండి. ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే దాన్ని కూడా రెండోసారి చేస్తారు.

ఒకవేళ దారిలోనో, రాత్రిపూట ఇంట్లోనో ఒక్కసారిగా చెమటలు పట్టి, ఊపిరాడక, వాంతి వస్తోందంటే బైక్ మీద కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. వాళ్ళు చెబితే, ఆస్పిరిన్ పడనిదీ, రక్తస్రావం సమస్యా లేకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి. పక్కింటివాళ్ళు ఇచ్చిన సార్బిట్రేట్, అంటే రక్తనాళాలని వెడల్పు చేసే మాత్ర, నాలిక కింద పెట్టకండి. బీపీ పడిపోవచ్చు. అమ్మకి వచ్చినట్టు కుడివైపు నాళం మూసుకుపోయిన రకంలో అయితే మరీ ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మకి పెట్టమని ఆ మాత్రల సీసా పట్టుకుని నాన్న దగ్గరకి వచ్చినవాళ్ళు మా వీధిలో ఇద్దరు.

మీవారితో వాదన పెట్టుకోకండి, టైము వేస్టు. గుండె కాదని ఈసీజీలు, ట్రోపోనిన్ చూసి డాక్టరే చెబితే, అప్పుడు ఆయన్నే గెలవనివ్వండి. ఆవిడ పాత ఈసీజీ ఏదైనా బీరువాలో ఉంటే పట్టుకెళ్ళండి, పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరుకి తేడా తెలుస్తుంది. ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.