కేబుల్‌తో కలపాలా, కేబుల్‌కు కలపాలా?

సందేహం: కోయాక్సియల్ కేబుల్‌తో (మధ్యలో తీగ, దాని చుట్టూ లోహపు అల్లిక ఉండే కేబుల్) నడిచే పాత 10బేస్2 నెట్‌వర్క్‌ను ఎలా వేయాలో తెలుగులో రాస్తున్నాను. "ప్రతి కంప్యూటర్‌నూ కేబుల్‌తో కలపాలి. కేబుల్ చివర టెర్మినేటర్ పెట్టాలి. పని చేయకపోతే ఒక్కో కంప్యూటర్ కేబుల్ తీసి చూడాలి" అని రాశాను. "కేబుల్‌తో" తప్పు, "కేబుల్‌కు" అనాలి అంటున్నాడు మా మిత్రుడు. ఏది ఒప్పు?

సమాధానం: వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. అయినా మీ వాక్యంలో "తో" వద్దు. దానికన్నా పెద్ద చిక్కులు మిగతా రెండు వాక్యాల్లో ఉన్నాయి.

"తో" ప్రత్యయానికి రెండు పనులు. "అన్నతో వచ్చాడు" అన్నప్పుడు తోడును చెబుతుంది, "కత్తితో కోశాడు" అన్నప్పుడు సాధనాన్ని చెబుతుంది. "కలుపు" అనే క్రియ పక్కన ఈ రెండు అర్థాలూ పొసగుతాయి కాబట్టి చదివేవాళ్లు తడబడతారు. "ఎద్దును తాడుతో గుంజకు కట్టారు" అంటే ఏది దేన్ని పట్టుకుని ఉందో ఎవరికీ అనుమానం రాదు. తాడు సాధనం, గుంజ ఆధారం. మీ వాక్యంలో కేబుల్ తాడా, గుంజా? ఈనాటి నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్ నుంచీ స్విచ్ అనే ఉమ్మడి పెట్టెకు ఒక విడి కేబుల్ వెళ్తుంది, అక్కడ కేబుల్ తాడే. కోయాక్సియల్ పద్ధతిలో అందరికీ ఒకటే దారి, కేబుల్ గుంజ.

ఇంతకు ముందుదైన 10బేస్5లో ఇది ఇంకా స్పష్టం. 500 మీటర్ల దాకా సాగే లావు కేబుల్ మీద ప్రతి 2.5 మీటర్లకూ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు దగ్గర కేబుల్‌లోకి గుచ్చి ట్యాప్ అనే కనెక్టర్‌ను బిగిస్తారు. "కేబుల్‌కు" అనే మాట దానికి అచ్చంగా అతుకుతుంది. 10బేస్2లో గుచ్చడం లేదు. కేబుల్ ముక్కలుగా ఉంటుంది, రెండు ముక్కల మధ్య T ఆకారపు టీ కనెక్టర్ వస్తుంది, ఆ కనెక్టర్ నేరుగా కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ కార్డు మీద కూర్చోవాలి. కనెక్టర్‌కూ కార్డుకూ మధ్య మరో కేబుల్ పెట్టకూడదు. "కంప్యూటర్‌ను కేబుల్‌తో కలపాలి" అని చదివినవాళ్లు సరిగ్గా ఆ తప్పే చేస్తారు, టీ దగ్గర నుంచి కంప్యూటర్ దాకా ఒక కొమ్మ లాగుతారు. అందుకని "కేబుల్ ముక్కలను టీ కనెక్టర్‌తో కలిపి, ఆ కనెక్టర్‌ను కార్డుకు తగిలించాలి" అని రాయండి. "తో" ఇక్కడా ఉంది, కానీ సాధనం ఏదో తేలిపోయింది.

ఇక "కేబుల్ చివర టెర్మినేటర్ పెట్టాలి" అన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. "చివర" అంటే వినేవాళ్లకు ఒకే కొస తోస్తుంది. సంకేతాన్ని కొస దగ్గర పీల్చుకునే ఈ టెర్మినేటర్లు రెండు కావాలి. ఒక కొస ఖాళీగా ఉన్నా సంకేతం అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, వరుస మొత్తం పడిపోతుంది. పోనీ "కేబుల్ రెండు చివరలకూ" అందామంటే, కేబుల్ అంటే ముక్కా, ముక్కలన్నీ కలిసిన వరుసా? ప్రతి ముక్కకూ రెండు చివరలున్నాయి మరి. ముక్కను ముక్క అనండి, 185 మీటర్లు దాటకూడని మొత్తాన్ని వరుస అనండి, సెగ్మెంట్ అన్నా బాధ లేదు. "వరుస రెండు చివరలకూ 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఒక్కొక్కటి" అంటే సరిపోతుంది. ఆ దీర్ఘం, ఆ "ఒక్కొక్కటి" వదలకండి. చదివినవాళ్లు సరిగ్గా చేశారో లేదో ఓమ్‌లు కొలిచే మీటరే చెబుతుంది. కంప్యూటర్లు ఆపి మధ్యలో ఒక టీ దగ్గర కొలిస్తే సుమారు 25 ఓమ్‌లు రావాలి. 50 వస్తే ఒక టెర్మినేటర్ లేనట్టే.

ఎర్త్ సంగతి దీనికి ఎదురు. అది ఒక చివరకే. రెండు చోట్లా ఎర్త్ చేస్తే, ఆ చోట్ల మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు కేబుల్ పై అల్లిక గుండా కరెంటు పారుతుంది. టెర్మినేటర్‌కు "చివరలకూ"లోని "ఊ", ఎర్త్‌కు "చివరకే"లోని "ఏ". ఒక్క అచ్చు మారితే పని తలకిందులవుతుంది.

"కంప్యూటర్ కేబుల్ తీసి చూడాలి" అన్న మూడో వాక్యంలో "నుంచి" లేదు. దేని నుంచి దేన్ని తీయాలి? కార్డు నుంచి టీ కనెక్టర్‌ను తీస్తే ఆ ఒక్క కంప్యూటరే విడిపోతుంది, మిగతావి మాట్లాడుకుంటూనే ఉంటాయి. టీ నుంచి కేబుల్‌ను తీస్తే వరుస తెగి అన్నీ ఆగిపోతాయి. మీ ఉద్దేశం మొదటిదే అనుకుంటాను. "రెండు పక్కలా కేబుళ్లను టీ కనెక్టర్‌కే ఉంచి, కనెక్టర్‌ను మాత్రం కార్డు నుంచి తీసి చూడాలి" అని రాయండి. వాక్యం పొడుగైందని వెనకాడవద్దు. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు రెండోదీ అవసరమే. వరుసను సగానికి విడదీసి, తెగిన చోట టెర్మినేటర్ పెట్టి, ఏ సగం పని చేస్తోందో చూస్తారు. దాన్ని వేరే వాక్యంగా, వేరే అంచెగా రాయండి.