నవంబరులో వరద, మే నెలలో ఎండిన బోరు: తిరుపతిలో ఎందుకిలా?

నవంబరులో వీధులు మునిగేంత వాన పడినా మే నెలకల్లా బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయని అడిగారు. ఎంత వాన కురిసిందన్న దానికన్నా ఆ నీరు నేల మీద ఎన్నాళ్ళు నిలిచిందన్నదే మన ప్రాంతంలో ముఖ్యమని, చంద్రగిరి వైపు మా పొలం చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు మన అడుగున ఉన్న రాయిని గురించి తెలుసుకోవాలి. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) పొరలు కాగా, వాటి అడుగునా మైదానంలోనూ ఉన్నది అంతకంటే ఎంతో పురాతనమైన గ్రానైటు. (ఈ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది, అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం, తప్పక చూడండి.) గట్టి గ్రానైటు నీటిని పీల్చుకోదు. పైన శిథిలమైన గరుసు పొరలోనూ, లోపలి పగుళ్ళలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. మా పొలంలో బోరు వేసినప్పుడు మొదట తడి గరుసు వచ్చింది. కేసింగ్ పైపు (వదులు పొర కూలకుండా గట్టి రాయి దాకా దింపే గొట్టం) దిగిన లోతు దాటాక చాలాసేపు తెల్లటి పొడి దుమ్ము తప్ప మరేమీ రాలేదు. చివరికి ఒక పగులు తగిలాకే బురదనీరు ఎగజిమ్మింది.

అంత పలుచని పొర మీద ఈశాన్య రుతుపవనాల వాన కొద్దిరోజుల్లోనే కుమ్మరిస్తే, పొర నిండగా మిగిలినదంతా స్వర్ణముఖి నది గుండా బంగాళాఖాతానికి పోతుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఈ పరుగును ఆపేవి చెరువులే. మా ఆయకట్టు బావుల్లో నీటిమట్టం వాన పడిన రోజున కాదు, చెరువు నిండి మొరవ (అలుగు) పోయిన కొన్ని వారాలకు పెరుగుతుంది, ఆ తర్వాత వేసవి దాకా నిలుస్తుంది. చెరువుకు నీరు తెచ్చే వాగులను పూడ్చి ఇళ్ళు కట్టిన చోట, చెరువులో చేరవలసిన ఆ నీరే వీధిలో వరదవుతుంది, అదే వీధి బోరుకు మాత్రం అందదు. ఏటి ఇసుకను తోడేయడమూ ఇంతటి నష్టమే, ఎందుకంటే వరద తగ్గిన తర్వాత కూడా ఒడ్డు బావులకు నీరిచ్చేది ఆ ఇసుకే.

కాబట్టి బోరును ఇంకా లోతుకు దింపే ముందు కేసింగ్ ఎంత లోతు వేశారో కనుక్కోండి. మీ గరుసు పొర మందం దాన్నిబట్టి సుమారుగా తెలుస్తుంది. మిద్దె మీది వాననీటిని కంకర, ఇసుక పరిచిన ఇంకుడుగుంతలోకి మళ్ళించండి, బురదనీటిని మాత్రం నేరుగా బోరులోకి వదలవద్దు, ఒండ్రు చేరితే పగుళ్ళు పూడిపోతాయి.