2017లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ 16కి 16 మ్యాచ్‌లు ఎలా ఓడింది? కావాలనే ఓడారా?

ప్రశ్నలో రెండు సందేహాలున్నాయి. జీతాలకు పరిమితి, ఓడిన జట్టుకే డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి అవకాశం లాంటి నియమాలున్న అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక జట్టు సీజన్ మొత్తం ఓడడం ఎలా కుదిరిందన్నది ఒకటి. అది పథకం ప్రకారం జరిగిందా అన్నది రెండోది. బ్రౌన్స్‌ను చాలా ఏళ్ళుగా దగ్గర నుంచి గమనిస్తున్నాను కాబట్టి రెండింటికీ కలిపే చెబుతాను.

మైదానంలో ఎవరూ కావాలని ఓడలేదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు మాత్రం ఈ ఏడాది గెలుపుకంటే రెండేళ్ళ తర్వాతి గెలుపు ముఖ్యమని నిర్ణయించుకున్నారు. కోచ్‌కు ఈ ఏడాదే గెలవాలి. ఇద్దరికీ మధ్య క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి దాడిని నడిపే ఆటగాడు) స్థానం ఖాళీగా మిగిలిపోయింది. మూలం అక్కడుంది.

ముందు స్కోర్లు చూడండి. 16 మ్యాచ్‌లలో చేసినవి 234 పాయింట్లు, ఇచ్చినవి 410. అయితే అందులో ఆరు మ్యాచ్‌లు ఒక్క స్కోరు (8 పాయింట్లు, లేదా అంతకంటే తక్కువ) తేడాతో పోయాయి: స్టీలర్స్‌తో 18-21, కోల్ట్స్‌తో 28-31, జెట్స్‌తో 14-17, టైటన్స్‌తో ఓవర్‌టైమ్‌లో 9-12, ప్యాకర్స్‌తో ఓవర్‌టైమ్‌లో 21-27, చివరి వారం మళ్ళీ స్టీలర్స్‌తో 24-28. వీటిలో సగం గెలిచినా 3-13 (3 గెలుపులు, 13 ఓటములు) అయ్యేది, ఈ సీజన్‌ను ఇవాళ ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. మరి ఆరులో ఒక్కటి కూడా ఎందుకు దక్కలేదు? దురదృష్టం కొంత ఉంది, కానీ పెద్ద కారణం బంతిని పోగొట్టుకోవడం.

ఈ జట్టు 41 సార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించింది: 28 ఇంటర్‌సెప్షన్లు (పాస్‌ను ప్రత్యర్థి పట్టుకోవడం), 13 ఫంబుల్స్ (చేజారిన బంతి ప్రత్యర్థికి దక్కడం). ప్రత్యర్థి నుంచి లాక్కున్నది 13 సార్లే. అంటే మైనస్ 28. ఏ జట్టు సీజన్ చూసినా నేను ముందు వెతికేది ఈ అంకెనే, ఎందుకంటే ఇలా బంతి చేతులు మారే (టర్నోవర్) నష్టం రెండు వైపులా పడుతుంది. మీరు వేయాల్సిన పాయింట్లు పోతాయి, ఎదుటివాళ్ళకు మీ గోల్ లైన్‌కు దగ్గరలో బంతి దొరుకుతుంది. సగటున మ్యాచ్‌కు దాదాపు రెండు అవకాశాలు ఎదురు ఇచ్చి ఆడుతున్నారన్నమాట. ఆ భారంతో మూడు పాయింట్ల మ్యాచ్‌లు గెలవడం దాదాపు అసాధ్యం.

ఆ 28 ఇంటర్‌సెప్షన్లలో 22 క్వార్టర్‌బ్యాక్ డిషోన్ కైజర్‌వే, ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ. అతణ్ణి తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకది న్యాయంగా అనిపించదు. నోటర్ డేమ్ కాలేజీ నుంచి డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో 52వ పిక్‌గా (ఎంపికగా) వచ్చిన 21 ఏళ్ళ కుర్రాడు. ఏడాదో రెండేళ్ళో ఒక సీనియర్ వెనుక కూర్చుని నేర్చుకోవాల్సినవాణ్ణి మొదటి మ్యాచ్ నుంచే దింపారు. తప్పు చేసినప్పుడల్లా బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్ళీ తెచ్చారు. జెట్స్ మ్యాచ్ సగంలో తీసేశారు, హ్యూస్టన్‌లో కెవిన్ హోగన్‌తో ఆడించారు, ఆ తర్వాతి వారం మళ్ళీ కైజర్, ఆ మ్యాచ్ మధ్యలో మళ్ళీ మార్పు. దాని పైన హెడ్ కోచ్ హ్యూ జాక్సన్ ఆ ఏడాది అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను (దాడి చూసుకునే సహాయ కోచ్) పెట్టుకోకుండా ఏ ఎత్తు వేయాలో తానే చెప్పేవాడు. జట్టు మొత్తాన్ని నడిపే మనిషే కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు రోజూ పక్కన కూర్చుని నేర్పడం కుదిరే పని కాదు.

దీనికి డెట్రాయిట్ మ్యాచ్‌లో మొదటి సగం ముగింపు మంచి ఉదాహరణ. గోల్ లైన్‌కు 2 యార్డుల దూరం, కొన్ని సెకన్లే మిగిలాయి, టైమౌట్లు లేవు. అలాంటప్పుడు పాస్ మాత్రమే వేయాలి. అందకపోతే గడియారం ఆగుతుంది, కనీసం ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) 3 పాయింట్లు వస్తాయి. కైజర్ స్నీక్‌కు వెళ్ళాడు, అంటే బంతి పట్టుకుని తానే మధ్యలోకి దూరాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు, లేచి మళ్ళీ వరుసలో నిలబడేలోపు సమయం అయిపోయింది. సున్నా పాయింట్లు. అనుభవం ఉన్నవాడు అక్కడ స్నీక్ అనే ఆలోచనే దగ్గరికి రానివ్వడు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. 2016, 2017 డ్రాఫ్ట్‌లు నడిపింది సాషీ బ్రౌన్. బేస్‌బాల్ నుంచి వచ్చిన పాల్ డిపొడెస్టా వ్యూహం చూసేవాడు. ఒక్క ఆటగాడి మీద పందెం కట్టే బదులు పిక్‌లు ఎక్కువ పోగేస్తే వాటిలో కొన్నైనా ఫలిస్తాయన్నది వాళ్ళ లెక్క. ఐపీఎల్ వేలంలోలాగా ఇక్కడ డబ్బు పెట్టి కొత్త కుర్రాళ్ళను కొనుక్కోలేరు, కాలేజీ నుంచి వచ్చేవాళ్ళను వరుస క్రమంలోనే తీసుకోవాలి కాబట్టి ఆ వరుస సంఖ్యలే ఆస్తి. 2016లో రెండో స్థానాన్ని ఈగల్స్‌కు అమ్మారు, వాళ్ళు కార్సన్ వెంట్జ్‌ను తీసుకున్నారు. 2017లో 12వ స్థానాన్ని హ్యూస్టన్‌కు ఇచ్చారు, వాళ్ళు డిషాన్ వాట్సన్‌ను తీసుకున్నారు. ఆరో వారం అదే వాట్సన్ మూడు టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని గోల్ లైన్ దాటించేవి) వేసి 33-17తో బ్రౌన్స్‌ను ఓడించాడు.

క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ ఆస్‌వైలర్ వ్యవహారం కూడా అదే తీరు. అతని 1.6 కోట్ల డాలర్ల జీతాన్ని తమ మీద వేసుకున్నందుకు హ్యూస్టన్ నుంచి 2018 రెండో రౌండ్ పిక్ తీసుకున్నారు. సీజన్ మొదలవకముందే అతణ్ణి పంపేశారు. జీతాల పరిమితిలో (క్యాప్) ఖాళీ ఉన్న జట్టు డబ్బుతో పిక్ కొనడం తెలివైన పనే. కానీ గదిలో అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడూ మిగల్లేదు. కార్నర్‌బ్యాక్ (పాస్‌లు అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడు) జో హేడెన్‌ను కూడా ఆగస్టు చివర్లో వదిలేస్తే, వెంటనే స్టీలర్స్‌లో చేరి మొదటి వారమే ఎదురుగా నిలబడ్డాడు.

అక్టోబర్ 31న ఇంకో తప్పు జరిగింది. కోచ్ కోరిన క్వార్టర్‌బ్యాక్ ఏజే మెక్‌కారన్ కోసం సిన్సినాటితో రెండో, మూడో రౌండ్ పిక్‌లకు ఒప్పందం కుదిరింది. గడువు సాయంత్రం 4 గంటలు. రెండు జట్లూ కాగితాలు లీగ్‌కు పంపాలి. బ్రౌన్స్ కాగితాలు సమయానికి చేరలేదు, బదిలీ రద్దయింది. ఆఫీసుకూ కోచ్‌కూ మధ్య దూరం ఎంతో ఆ రోజు అందరికీ తెలిసిపోయింది. డిసెంబర్ 7న సాషీ బ్రౌన్‌ను తీసేసి, అదే రోజు జాన్ డోర్సీని జనరల్ మేనేజర్‌గా పెట్టారు.

గాయాల దెబ్బ కూడా చిన్నది కాదు. మొదటి పిక్ మైల్స్ గారెట్ చీలమండ దెబ్బతో తొలి నాలుగు మ్యాచ్‌లు ఆడలేదు. అయినా ఆడిన 11 మ్యాచ్‌లలో 7 శాక్‌లు (పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేశాడు. అక్టోబర్ 22న లెఫ్ట్ టాకిల్ జో థామస్ ట్రైసెప్స్ తెగింది. 2007లో లీగ్‌లోకి వచ్చినప్పటి నుంచి వరుసగా 10,363 స్నాప్‌లు (ఆటలో ఒక్కో ఎత్తు), ఒక్కటి వదలకుండా ఆడిన మనిషి. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కు కనబడని వైపు కాచేది లెఫ్ట్ టాకిలే. ఆ రక్షణ పోయాక కైజర్ మరింత తొందరపడ్డాడు. ఆ ఏడాది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ గాయమే.

డిఫెన్స్ అంత చెడ్డది కాదు, బంతి పట్టుకుని పరుగెత్తే ఆటను బాగానే ఆపింది. డిఫెన్స్ కోచ్ గ్రెగ్ విలియమ్స్ మాత్రం కొత్త సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఆడేవాడు) జబ్రిల్ పెప్పర్స్‌ను దాదాపు 25 యార్డుల వెనక నిలబెట్టేవాడు. పెద్ద పాస్‌లు పడకూడదన్నది ఉద్దేశం. ముందుకొచ్చి బంతి లాక్కునే అవకాశం దాంతో తగ్గింది. కాలేజీలో అతను రాణించింది లైన్ దగ్గర ఆడినప్పుడు.

ఒక్క మ్యాచ్ చూసి మొత్తం సీజన్ అర్థం చేసుకోవాలంటే డిసెంబర్ 10 నాటి ప్యాకర్స్ మ్యాచ్ చూడండి. నాలుగో క్వార్టర్ మొదట్లో 21-7 ఆధిక్యం. ఎదుట ఆరన్ రాడ్జర్స్ లేడు, బ్రెట్ హండ్లీ ఆడుతున్నాడు. బ్రౌన్స్ తన్ని వదిలిన బంతిని (పంట్) ప్యాకర్స్ ఆటగాడు ట్రెవర్ డేవిస్ పట్టుకుని 65 యార్డులు తెచ్చాడు, 17 సెకన్లు ఉండగా స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో క్లే మాథ్యూస్ మీద పడుతుండగా కైజర్ బంతిని పడిపోనివ్వకుండా పైకి విసిరాడు. అక్కడ శాక్ తీసుకుంటే పోయేది కొన్ని యార్డులే. ప్యాకర్స్‌కు చెందిన జాష్ జోన్స్ దాన్ని పట్టుకున్నాడు, కాసేపటికి డావంటే ఆడమ్స్ టచ్‌డౌన్. చివరి వారం స్టీలర్స్ ప్రధాన ఆటగాళ్ళకు విశ్రాంతినిచ్చినా, చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో ఎవరూ కాపలా లేని కోరీ కోల్‌మన్ చేతుల్లోంచి పాస్ జారిపోయింది.

పథకం ఫలించిందా అంటే, సగం. వాట్సన్ మోకాలు దెబ్బతిని హ్యూస్టన్ 4-12కు పడిపోవడంతో 12వ స్థానానికి బదులుగా బ్రౌన్స్ తీసుకున్న వాళ్ళ 2018 పిక్ 4వది అయింది, దానితో డెంజెల్ వార్డ్ వచ్చాడు. ఆస్‌వైలర్ వల్ల వచ్చిన పిక్‌తో 35వ స్థానంలో నిక్ చబ్ వచ్చాడు. సొంత మొదటి పిక్‌తో బేకర్ మేఫీల్డ్. కాకపోతే వాళ్ళను ఎంచుకుంది డోర్సీ. జాక్సన్ మొత్తం 3-36-1 (గెలుపులు, ఓటములు, సమం) రికార్డుతో 2018 అక్టోబర్‌లో వెళ్ళిపోయాడు. ఆ సీజన్ 7-8-1తో ముగిసింది, టర్నోవర్ల లెక్క మైనస్ నుంచి ప్లస్‌లోకి వచ్చింది.