కాబరే వోల్టేర్ నృత్య సంగీతం వైపు ఎందుకు మళ్లింది?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన ఈ ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ బృందం నృత్య సంగీతం వైపు మళ్లడానికి ప్రధాన కారణం, 1981లో ముగ్గురు సభ్యుల్లో ఒకరైన క్రిస్ వాట్సన్ తప్పుకోవడం. టేపు ముక్కలు, వింత శబ్దాలు ఎక్కువగా ఆయన చేతిలోవే. మిగిలిన రిచర్డ్ కర్క్, స్టీఫెన్ మాలిండర్ బేస్ గిటారును, డ్రమ్ మెషిన్‌ను ముందుకు తెచ్చారు. న్యూయార్క్ నుంచి వస్తున్న ఎలక్ట్రో, అంటే డ్రమ్ మెషిన్ దరువుతో నడిచే నృత్య సంగీతం కూడా అప్పుడే వారిని బాగా ఆకట్టుకుంది.

ఈ మార్పు 'యశార్' అనే పాటలో స్పష్టంగా వినిపిస్తుంది. 1982 నాటి మూల రూపంలోనే లయ బలంగా ఉంది. మరుసటి ఏడాది న్యూయార్క్ నిర్మాత జాన్ రోబీ దాన్ని క్లబ్బుల కోసం మళ్లీ మలిచాడు. పాట అదే, కానీ దరువుదే పైచేయి.

వర్జిన్ అనే రికార్డు సంస్థతో ఒప్పందం కుదిరాక డబ్బు కోసం అమ్ముడుపోయారని చాలామంది అనుకుంటారు. సంస్థ ప్రోత్సాహం ఉన్న మాట నిజమే, 1983లో వచ్చిన 'ది క్రాక్‌డౌన్' ఆల్బమ్ శుభ్రంగా వినిపించడానికి ఆ డబ్బూ ఒక కారణమే. అయితే లయ మీద మోజు వారికి కొత్తది కాదు. 1975లో, ఏ ఒప్పందమూ లేని రోజుల్లో, తొలి కచేరీలోనే లోహాన్ని సాగగొట్టే ఆవిరి సుత్తి యంత్రం దెబ్బల శబ్దాన్ని టేపు మీద తిప్పి తిప్పి వినిపించి దాన్నే తాళంగా వాడుకున్నారు. ప్రేక్షకులు మాత్రం నాట్యం చేయలేదు, వేదిక మీదికి ఎగబడి కొట్టారు.