నాన్నగారి చెవిలో హోరు: సీడీ లేకుండా వెళ్లకండి

ఐసీయూలో మెడ సిరలోకి లైన్ (మందులెక్కించే గొట్టం) పెట్టాకే మీ నాన్నగారికి చెవిలో నాడితో పాటు హోరు మొదలైందని రాశారు కదా. అంటే సూది సిరతో పాటు ధమనికీ తగిలి రెండిటి మధ్య దారి పడి ఉండొచ్చు. డాప్లర్‌ (రక్తప్రవాహం చూసే స్కాన్)లో ఫిస్టులా, అంటే అలాంటి దారే, అని వచ్చిందన్నారు కదా, ఇక చెవి చుక్కలతో పని లేదు.

1. మెడ కోస్తారని టెన్షన్ వద్దు. చాలామందికి గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి, కాయిల్స్‌ (సన్నని లోహపు తీగ చుట్టలు)తోనో కవర్డ్ స్టెంట్‌ (పొర కప్పిన చిన్న గొట్టం)తోనో ఆ దారిని మూస్తారు.

2. అది ఎక్కువగా చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, అంటే స్కాన్ బొమ్మలు చూస్తూ రక్తనాళాల్లోంచి చికిత్స చేసే డాక్టరు. విశాఖలో కేజీహెచ్, విమ్స్ లాంటి ప్రభుత్వాసుపత్రులైనా, ప్రైవేటైనా ఆ డాక్టరున్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

3. అందరూ మరిచేది ఇదే: సీటీ యాంజియో (రక్తనాళాలు చూపే సీటీ స్కాన్) సీడీ. రిపోర్టు, ఫిల్ము చాలవు. ఏ ధమని, రంధ్రం సరిగ్గా ఎక్కడ అన్నది డాక్టరు బొమ్మలన్నీ కదిపి చూడాలి. రంధ్రానికి కింద ధమనిని కట్టేసి వదిలేస్తే పక్కదారుల్లో రక్తం మళ్లీ చేరుతుంది, మూయాల్సింది రంధ్రాన్నే. చాలా స్కాన్ సెంటర్లలో సీడీ అడిగితేనే ఇస్తారు, మొహమాటపడకండి.

4. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మందులుంటే చెప్పండి, సొంతంగా ఆపొద్దు.

మెడ వాపు పెరిగినా, ఊపిరాడకపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108.